మారెక్క కాల్చిన రొట్టె

“ఆయప్ప నోట్లోకి పోయే రొట్టె నా పెనం మీద కాలదు. నువ్వు లేచి పో అయ్యగారూ.”

మారెక్క ఆ మాట అని పొయ్యిలోకి ఇంకో కంపపుల్ల తోసింది. కుండలో సంగటి ఉడుకుతోంది. గడప పక్కన పీట మీద కూర్చున్న పాస్టరు కృపానందం లేవలేదు.

“దావీదప్ప గారికి ఒక పక్క పడిపోయిందమ్మా. మాట రావడం లేదు. పోయేలోగా ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పాలు పుచ్చుకోవాలని సైగ చేశారు. రొట్టె మీ చేతిదే కావాలట.”

“నా చేతిదేనా?” మారెక్క నవ్వింది. “అయితే దేవుడుండాడు.”

దావీదప్ప ఆ ఊరి సంఘానికి పెద్ద. మారెక్క కొడుకు ఏలియా బెంగళూరులో మేస్త్రీ పనికి పోయి, అక్కడ ఒక మగవాణ్ణి ప్రేమించి, వాడితోనే కాపురం ఉంటున్నాడని ఊళ్లో పొక్కింది. సెలవుకు వచ్చిన కుర్రాణ్ణి నిండు గుడిలో లేపి, బల్ల నుంచి వెలివేశాడు దావీదప్ప. మరుసటి ఏడు ఏలియా కట్టడం మీది నుంచి పడి, శవమై వచ్చాడు. సమాధుల తోటకు తాళం వేయించిందీ దావీదప్పే. వానల్లేక బండబారిన చేను గట్టున, గడ్డపారలు వంగేలా తవ్వించి కొడుకును పూడ్చుకుంది మారెక్క.

అయినా గుడి మానలేదు. ప్రతి ఆదివారం దావీదప్పకు ఎదురుగా కూర్చునేది. అందరితో పాటు ప్రభువు ప్రార్థన చెప్పేది. పరులను క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం పళ్లు బిగించేది.

ఆ ప్రార్థనలోనూ ఏలియానే గుర్తొచ్చేవాడు. చిన్నప్పుడు వాడు ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అనేవాడు కాదు, ‘అనుదిన సంగటి’ అనేవాడు. “మనం తినేది సంగటే గదమ్మా” అని వాదన. సండే స్కూల్లో దావీదప్ప చింతబరికెతో వాతలు తేల్చాక బయట ఎక్కడా అనలేదు. పెద్దయ్యాక కూడా ఇంట్లో, కంచం ముందర మాత్రం అనేవాడు. “నావాళ్ల ముందరే అంటాలేమ్మా” అనేవాడు.

ఏలియా పోయాక ఊరికి వచ్చిన కృపానందం కోస్తా మనిషి. నీళ్లకు కటకటలాడే ఈ ఊరిని కావాలని అడిగి వేయించుకున్నాడని జనం విడ్డూరపడ్డారు. మొదటి ఆదివారమే, “ఈ బల్ల యేసయ్యది. మగవాణ్ణి ప్రేమించిన మగవాణ్ణయినా సరే, లేచిపొమ్మనే హక్కు మనకు లేదు” అని చెప్పి సగం చాపలు ఖాళీ చేయించాడు. బల్లకు రొట్టె కాల్చే పని మారెక్కకు అప్పగించిందీ అతనే.

“ఒక కథ చెప్పనా అమ్మా? బుద్ధుణ్ణి ఒకడు నోటికొచ్చినట్టు తిట్టాడట. ‘నువ్వు వండి పెట్టింది చుట్టం ముట్టకపోతే అదెవరిది?’ అని అడిగాడట ఆయన. ‘నాదే’ అన్నాడు వాడు. ‘నీ తిట్లూ అంతే, నేను తీసుకోలేదు’ అన్నాడట.”

“పాస్టరువై ఉండి బుద్ధుని కథలు చెప్తాండావు. దావీదప్ప వింటే రెండో పక్క గూడా పడిపోతాది.” మారెక్క తెడ్డు పైకెత్తింది. “కథ బాగుండాది. కానీ నేను తీసుకున్నానయ్యా. నా కొడుకు శవంతో పాటు రెండు చేతులా అందుకున్నా. ఇంక తిరిగిచ్చేదే మిగిలింది.”

“ఏలియా ప్రేమలో పాపం లేదమ్మా.”

“నా బిడ్డది లేదు. వాణ్ణి మాయ చేసినోడు ఒకడుండాడే, వానిది ఉండాది. శవం వచ్చిన దినం వాడూ యెంట వచ్చి, ఆడ దూరంగా నిలబడి పోయినాడంట. నేను మొఖం సూడలే. ఈయప్ప పని అయినాక వాడే. ఈ తెడ్డుతోనే తల పగలగొడ్తా.”

“దొరుకుతాడులే అమ్మా” అన్నాడు కృపానందం, మంటలోకి చూస్తూ.

మారెక్క సంగటి కుండ దించింది. ఏదో తోచినట్టు పెనం పెట్టింది. “సరే, కాలుస్తా. కానీ నేనే తెస్తా.”

దావీదప్ప మంచం మీద పడి ఉన్నాడు. ఆమెను చూడగానే కదిలే చేతిని నుదుటికి ఎత్తాడు.

“ఏమప్పా దావీదప్పా, నా కొడుకు యాడుండాడో తెల్సునా? చేను గట్టున. నక్కలు తవ్వకుండా నేను ఆడే పడుకున్నా.”

ఆయన కంటి కొస నుంచి నీరు చెవి వైపు జారింది. మారెక్క రొట్టె విరిచి పెదవులకు తాకించింది. ఆయన నోరు తెరిచాడు. ఆమె చెయ్యి వెనక్కు తీసుకుని, ఆ ముక్కను తన నోట్లో వేసుకుని, ఆయన చూస్తుండగా నిదానంగా నమిలి మింగింది.

“ఇదీ నీ పాలు.”

కృపానందం ద్రాక్షరసం గిన్నె పక్కన పెట్టాడు. వంగి, ముసలాయన చెంప తుడిచి, ఆమె వెంట బయటికి నడిచాడు.

“నన్ను ఆపలేదేమి?” దారిలో అడిగింది మారెక్క.

“మిమ్మల్ని ఆపే నోరు నాకు లేదమ్మా. రేపు నేనే ఒక రొట్టె కాల్చి తీసుకెళ్తాను ఆయనకి.”

“ఎట్ల పోబుద్దయితాదయ్యా? నీ మనిషి పోయింటే తెల్సేది నీకు.”

కృపానందం చేను గట్టు వైపు చూస్తూ నడిచాడు.

ఇంటికొచ్చాక మారెక్క సంగటి ముద్ద, చెనక్కాయలు నూరిన ఊరిబిండి కంచంలో పెట్టి అతని ముందు ఉంచింది. కోస్తావాళ్లు సంగటిని నమల్లేక తిప్పలు పడతారు. ఇతను మొదటి రోజు నుంచే మన సీమ మనిషిలా ఊరిబిండిలో అద్ది గుటుక్కున మింగుతాడు. ఎవరు నేర్పినారని ఒకసారి అడిగితే, “తెలిసినవాళ్లు” అన్నాడు.

“ఈ దినం తిండి రుచిగా ఉంటాది” అంది మారెక్క. వడ్డించిన తెడ్డు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “ఇంక వాడొక్కడే మిగిల్నాడు.”

ఎప్పుడూ కంచం ముందు మనసులోనే ప్రార్థన చేసుకునే కృపానందం ఆ రోజు చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చేతులు జోడించి, తల వంచి, కళ్లు మూసుకుని, పైకే అన్నాడు.

“మా అనుదిన సంగటి నేడు మాకు దయచేయుము.”