నలభయ్యో రోజు కసూలే

సొలాంజ్ చెంచా ఇంకా ముంచనే లేదు, మొహం మాత్రం చిట్లించింది.

"వెల్లుల్లి ఎక్కువైంది," అంది.

"లేదే, అసలు వెయ్యనట్టుంది," అన్నాడు ఆమె మేనమామ అరిస్తీద్.

ఇద్దరూ ఇంకా రుచి చూడలేదు.

ఆ ఇంటి పెద్దావిడ ఫిలొమెన్ పోయి ఆ రోజుకి నలభై రోజులు. చర్చిలో పూజ ముగిశాక బంధువులంతా ఆమె భోజనాల బల్ల చుట్టూ చేరారు. దక్షిణ ఫ్రాన్స్‌లో కాస్తెల్‌నోదారి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళైనా చావైనా బల్ల మీద కసూలే ఉండాల్సిందే. తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, సాసేజీలు మట్టి మూకుడులో పేర్చి గంటల తరబడి పొయ్యిలో పెడతారు. పైన కట్టిన పొరను ఏడుసార్లు విరిచి లోపలికి తొయ్యాలి. ఎనిమిదోసారి ముట్టుకోకూడదు. ఈ సంగతులు వండేవాళ్ళకంటే వండనివాళ్ళకే బాగా తెలుసు.

ఫిలొమెన్ మూకుడు ఆమె అమ్మమ్మ నాటిది. అది ఎవరింట ఉంటే ఆదివారం భోజనానికి అందరూ ఆ ఇంటికే వస్తారు. ఇప్పుడది కోడలు ఆర్మెల్ దగ్గర ఉండిపోవాలా, కూతురు సొలాంజ్ ఇంటికి వెళ్ళాలా అన్నది తేలాలి.

ఆర్మెల్‌కి ఆ మూకుడు కావాలి. పద్దెనిమిదేళ్ళు అత్తగారి పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఏరింది. చివరి రెండేళ్ళు ఆవిడను చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిపించింది. ఈ ఇంట్లో ఆదివారాలు ఆగిపోతే ఆవిడ రెండోసారి పోయినట్టే అనిపించేది.

కానీ ఆర్మెల్ పుట్టింది దేశానికి అటు చివరనున్న బ్రెతాన్‌లో. అక్కడ అన్నిటికీ వెన్నే వాడతారు. ఇక్కడివాళ్ళ లెక్కలో అది వంట కింద రాదు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. సొలాంజ్ మొగుడున్నర. అంత్యక్రియల నాడే తీర్పు చెప్పేసింది.

"నలభయ్యో రోజున ఆర్మెల్ కసూలే పెడుతుంది. అమ్మ రుచి ఉంటే మూకుడు తనకే. లేకపోతే నేను పట్టుకెళ్తా."

న్యాయాధిపతి అరిస్తీద్. ఆయన ఊళ్ళో కసూలే సంఘం సభ్యుడు. పండగలకు పొడుగు అంగీ తొడుక్కుని, మూకుడు ఆకారం టోపీ పెట్టుకుని ఊరేగుతాడు. ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకబెట్టి ఎరగడు.

ఆ పొద్దున ఆర్మెల్ వంటింట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. మధ్యాహ్నం మూకుడు తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"చిక్కుళ్ళు రాత్రంతా నానాయా?" అడిగాడు అరిస్తీద్.

"నానాయి."

"వెన్నేమైనా తగిలించావా?" అంది సొలాంజ్.

"లేదు వదినా. బాతు కొవ్వే."

"ఏమోనమ్మా. మీ చేతులకే ఉంటుంది కదా, వేరే వెయ్యక్కర్లేదు."

అరిస్తీద్ కళ్ళు మూసుకుని నమిలాడు.

"పొర నాలుగుసార్లే విరిచావు. మా అక్కది నాలుక మీద పెడితే ఏడూ తెలిసేవి."

"సాసేజీ వేగినట్టు లేదు. చిక్కుడు మరీ మెత్తబడింది," అంది సొలాంజ్.

వంకలేనమ్మ డొంక పట్టుకుని వేళ్ళాడిందట. వీళ్ళు వేళ్ళాడుతూనే మూడోసారి వడ్డించుకున్నారు. అడుగున మిగిలిన రసాన్ని అరిస్తీద్ రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నాడు. తప్పెక్కడ జరిగిందో పట్టుకోవడానికట.

"అత్తయ్య చేసినట్టు లేదా?" అంది ఆర్మెల్. "ఇంకోసారి చూడండి. నిజంగానే లేదా?"

"అమ్మ చేతిదీ ఇదీ ఒకటేనా తల్లీ?" అంది సొలాంజ్. " కష్టపడ్డావు, కాదనను. ఇది నేర్చుకుంటే వచ్చేది కాదు, నెత్తుట్లో ఉండాలి."

అందరూ రెజీస్ వైపు చూశారు. ఫిలొమెన్ ఒక్కగానొక్క కొడుకు, ఆర్మెల్ మొగుడు. యాభై మూడేళ్ళు ఆ తల్లి చేతి వంట తిన్నవాడు. ఆర్మెల్ కూడా అతనివైపే చూసింది. అతను చెప్పే ఒక్క మాట చాలు.

రెజీస్ నెమ్మదిగా తిన్నాడు. అక్కను చూశాడు. మామయ్యను చూశాడు. గ్లాసులో ఉన్న వైను మొత్తం తాగాడు.

"బాగుంది ఆర్మెల్," అన్నాడు. "కానీ అమ్మది అమ్మదే. ఆ రుచి ఆవిడతోనే పోయింది."

అరిస్తీద్ తల పంకించాడు. అమ్మను తలుచుకుని సొలాంజ్ కళ్ళు కూడా తుడుచుకుంది. ఆర్మెల్ ఖాళీ పళ్ళేలు తీయడం మొదలుపెట్టింది.

మూకుడును సొలాంజ్ తనే పెరట్లో కుళాయి కింద కడుక్కుంది. దుప్పటిలో చుట్టి, కారు వెనకసీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా కట్టింది.

"వచ్చే ఆదివారం మా ఇంటికి రా. అమ్మ కసూలే అంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది," అని మరదలి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగాక ఆర్మెల్ నేలమాళిగలోకి దిగి, పొద్దున మూతలు తీసి మూకుడులోకి వంపేసిన నాలుగు గాజు సీసాలను ఒళ్ళో పెట్టుకుని, పోయే ముందు నెలలో అత్తగారు తన చేత్తో వండి, నిలవ ఉండేలా మూత బిగించి, తన చేత్తోనే 'ఫిలొమెన్ కసూలే' అని రాసి అంటించిన చీటీలను ఒక్కొక్కటే గోటితో గీకేయసాగింది.