ఎవరి వెనక ఎవరు

"వాడి చెయ్యి చూడండి మేడమ్. కట్టు కట్టుకుని తిరుగుతున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?" అంటూ సెక్రటరీ, టైలరమ్మ మొగుణ్ణి ఎస్సై ముందుకు నెట్టాడు.

అపార్ట్‌మెంట్ సెల్లారంతా జనం. ఆ సాయంత్రం లిఫ్టులో అద్దం పగిలి ఉంది. గాజుపెంకు ఒకటి లాయరమ్మ కూతురి అరికాల్లో దిగింది. అంతకుముందు మెట్ల మీద బల్బులు పగిలాయి, బండ్ల సీట్లు చిరిగాయి. అన్నిటికీ ఒకటే మాట వినిపిస్తోంది: మూడో అంతస్తులో అద్దెకుండే ఆ ప్రింటింగ్ ప్రెస్సువాడే.

"ప్రెస్సులో కాగితాలు కోస్తుంటే తెగిందండీ" అన్నాడతను మెల్లగా.

టైలరమ్మ భర్త మొహంలోకి చూసింది. నిన్నటిదాకా ఆమె అతని మాటే నమ్మింది. కానీ ఇంతమంది ఒక్క గొంతుతో అంటుంటే లోపల ఏదో గుచ్చుకుంటోంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పార్కింగు దగ్గర గొడవైన రోజున "వీళ్ళ సంగతి చూస్తా" అని అతను పళ్ళు కొరకడం ఆమె చెవులారా విన్నది.

"భయపడకమ్మా" అంటూ, వాళ్ళు పిన్నీ అని పిలిచే ఫ్లాటు ఓనరు ఆమె చెయ్యి పట్టుకుంది. వాళ్ళ పక్కన నిలబడింది ఆవిడొక్కతే. "అద్దె అగ్రిమెంటు గడువు ఇంకా ఉంది కదా అని మొహమాటపడకు. రేపే ఖాళీ చేసి పరువుగా వెళ్ళిపోండి. కేసు లేకుండా నేను మాట్లాడతాను."

ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుంది. "ఇతను పగలగొడుతుంటే కళ్ళారా చూసినవాళ్ళెవరు?"

ముందున్నవాళ్ళు పక్కవాళ్ళ వైపు చూశారు.

"మరెలా తెలిసింది?"

"అందరికీ తెలుసు మేడమ్" అన్నాడు పాలబూత్ ఆయన.

"అందరూ అని కేసు రాయలేను. ఎవరు చెబితే మీకు తెలిసిందో వాళ్ళ వెనక వెళ్ళి నిలబడండి."

"ఇదేంటి మేడమ్, పిల్లల రైలాట లాగా?"

"ఆడండి. సాయంత్రం పూట ఒంటికి మంచిది."

నవ్వుతూ, సణుగుతూ జనం కదిలారు. ఇస్త్రీ అతను పాలబూత్ ఆయన వెనక. ఆయన లాయరమ్మ వెనక. లాయరమ్మ సెక్రటరీ వెనక. మిగతావాళ్ళు వాళ్ళ తోకలు పట్టుకున్నారు. ముందు సెక్రటరీ ఒక్కడే మిగిలాడు.

"అయితే మీరు చూశారన్నమాట" అంది ఎస్సై.

"అబ్బే, నేనెక్కడ చూశానండీ." అతను మొహం తుడుచుకుని అడుగు ముందుకేశాడు. వెనక వరసంతా కదిలింది.

వరస తమవైపే వస్తోంది. మొగుడి కోపం గురించి ఎప్పుడైనా తనే నోరు జారిందా అనుకుంది టైలరమ్మ. అతని కళ్ళలోకి చూసే ధైర్యం చాల్లేదు.

సెక్రటరీ ఆమెను దాటాడు. ఆమె మొగుణ్ణీ దాటాడు. తలొంచుకుని ఓనరు పిన్ని వెనక నిలబడ్డాడు.

టైలరమ్మ చేతిలోని పిన్ని చెయ్యి చల్లబడింది.

"ఏదో విన్నది చెప్పాను. అదీ తప్పేనా?" అంది పిన్ని.

"ఈవిడ ఏం చెప్పింది?" ఎస్సై సెక్రటరీని అడిగింది.

"పొద్దున్నే ఫోన్ చేసిందండీ. 'లిఫ్టు అద్దం కూడా పగలగొట్టాడయ్యా, ఇక ఊరుకోకండి' అని. నేను లిఫ్టెక్కను కదా, వెళ్ళి చూడలేదు."

"పొద్దున్నేమిటి?" లాయరమ్మ వరసలోంచి బయటికొచ్చింది. "మధ్యాహ్నం నేను కోర్టుకెళుతూ ఆ అద్దంలో చూసుకునే జుట్టు సరిచేసుకున్నాను."

టైలరమ్మ తన చెయ్యి వెనక్కి లాక్కుని, మొగుడి కట్టు కట్టిన చేతిని జాగ్రత్తగా పట్టుకుంది.

"రాసుకోండి మేడమ్" అంది. "మమ్మల్ని ఖాళీ చేయించాలని పగలగొట్టింది మా ఓనరు పిన్ని."