ఆదివారం రిపేరు

"ఇదే ఆఖరుసారి కళా. వచ్చే శనివారం పోటీలో కూడా ఇరుక్కుందంటే, తీసుకెళ్ళి తుపాకుల షాపువాడికే రిపేరుకిచ్చేస్తా" అన్నాడు చలపతి, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి రైఫిల్ పెడుతూ.

కళావతికి ఆ మాట రుచించలేదు. పైకి మాత్రం మీ ఇష్టం అనేసి, టార్చి పట్టుకుని ఎప్పటిలాగే అతని పక్క కుర్చీలో కూర్చుంది.

ఆదివారం పొద్దున ఇంగ్లండులోని ఈ స్విండన్‌లో మగాళ్ళంతా కార్లు కడుక్కుంటారు, గడ్డి కోసుకుంటారు. ఈ మహానుభావుడు తుపాకీ విప్పుతాడు. కింద ఉన్న లివర్‌ని ఒకసారి దించి ఎత్తితే తూటా లేచి లోపలికి పోవాలి. ఆ పాడు తుపాకీలో అది సగం లేచి, వంకర తిరిగి ఇరుక్కుంటుంది. అతను స్ప్రింగు మార్చాడు, గొట్టం తోమాడు, నూనె రాశాడు. ఆదివారం డమ్మీ తూటాలతో చూస్తే భేషుగ్గా ఆడుతుంది. శనివారం షూటింగ్ క్లబ్బుకెళితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. విప్పిన ప్రతిసారీ, తూటాని లేపే భాగం పక్కనున్న చిన్న స్క్రూ వదులై కనిపిస్తుంది. పేలిన అదురుకి వదులవుతోంది కాబోలంటాడు. షాపువాడైతే జిగురేసి ఇక జన్మలో కదలకుండా బిగించేస్తాడట. క్లబ్బులో అందరూ నవ్వుతున్నారట.

ఆ స్క్రూని వదులు చేస్తున్నది అదురు కాదు, కళావతి.

హాసిని పోయాక ఆ ఇంట్లో మాటలు పోయాయి. ఒక్కగానొక్క పిల్ల. ఎడిన్‌బర్గ్‌లో చదువుకుంటూ జ్వరమని ఫోన్ చేసింది. వీళ్ళు రైలెక్కి వెళ్ళేసరికే లేదు. ఆ తర్వాత చలపతి ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు, పిల్ల పేరెత్తలేదు. కళావతి ఎత్తితే లేచి మేడ మీదికి వెళ్ళిపోయేవాడు. అన్నం పెట్టు, చెత్త బిన్లు బయటపెట్టావా, అంతే మాటలు. అలాంటి మనిషి, మొదటిసారి తుపాకీ ఇరుక్కున్న మర్నాడు, ఆదివారం, టార్చి పట్టమని ఆమెని పిలిచి, స్క్రూ మీంచి కళ్ళెత్తకుండా, "దానికి చిన్నప్పుడు చీకటంటే ఎంత భయమో" అన్నాడు. అలా గంటసేపు చెబుతూనే ఉన్నాడు. చేతులు పనిలో ఉంటే తప్ప కొందరికి నోరు పెగలదు. రిపేరు ముగించి అతను చేతులు కడుక్కోడానికి వెళ్ళగానే, కళావతి స్క్రూడ్రైవర్ అందుకుని ఆ స్క్రూని అరచుట్టు వెనక్కి తిప్పింది. పాపమో పుణ్యమో ఆమెకే తెలీదు. అప్పట్నించీ ప్రతి ఆదివారం అదే పని.

ఇవాళ కూడా అతను చెబుతున్నాడు, దించిన తల దించినట్టే.

"స్కూల్లో తినకుండా పులిహోర డబ్బా అలాగే తెచ్చేది. నువ్వు తిడతావని నేనే కార్లో కూర్చుని ఖాళీ చేసేవాణ్ణి."

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట అనలేదే మీరు."

"దానికి మాటిచ్చాను" అన్నాడు చలపతి. కళావతికి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండిపోయాయి. ఎన్ని సాయంత్రాలు ఖాళీ డబ్బా చూసి మురిసిపోయిందో పిచ్చిది.

లివర్ దించి ఎత్తి, సరిగ్గా ఉందనుకుని, అతను చేతులు కడుక్కోడానికి లేచాడు. కళావతి స్క్రూడ్రైవర్ అందుకుంది గానీ చెయ్యి ఆడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదులు చేస్తే తుపాకీ షాపుకెళ్ళి శాశ్వతంగా బాగుపడుతుంది. చెయ్యకపోతే ఇరుక్కోదు, ఇరుక్కోకపోతే అతను విప్పడు. బీరువాలో ఉన్నదాన్ని తను ముట్టుకోలేదు. తాళం అతని దగ్గరే ఉండాలని ఇక్కడి చట్టం. ఎటు చూసినా తన ఆదివారం పోయినట్టే. పోనీ, మనిషైనా నలుగురిలో తలెత్తుకోనీ. పిల్ల పోయాక అతను దేన్లోనూ గెలిచింది లేదు. కళావతి ఆ స్క్రూని ఇంకాస్త గట్టిగా బిగించి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం అమరేందర్ ఫోన్ చేశాడు. చలపతితో పాటే క్లబ్బుకెళ్ళే వరంగల్ అబ్బాయి.

"అన్న కప్పు గెలిచిండు వదినా. తుపాకి ఇయ్యాల ఒక్కసారి గూడ ఇరుక్కోలే, నీళ్ళలెక్క నడిచింది. అన్న ఇంటికొస్తున్నడు."

సంతోషం బాబూ అంది కళావతి. నిజంగానే సంతోషం వేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే కూలబడి, కూతురు పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది. రేపట్నించి అతను టీవీ ముందు, తను వంటింట్లో. ఇక ఈ ఇంట్లో హాసిని ఊసెత్తేవాళ్ళు లేరు.

కారు చప్పుడయింది. ఆమె గబగబా మొహం కడుక్కుని, గెలిచారటగా అని నవ్వుతూ అడగాలనుకుని, వెళ్ళి తలుపు తీసింది. చలపతి భుజాన తుపాకీ సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కప్పు లేదు. ఆమె ఎర్రబడ్డ కళ్ళకేసి ఒకసారి చూసి, తల తిప్పుకుని బూట్లు విప్పసాగాడు.

"మళ్ళీ ఇరుక్కుంది కళా. షాపుకెందుకులే, రేపు మనమే కూర్చుని చూద్దాం."