పేరు రాయని చెరువు

"ఆ చెరువుల జోలి నీకెందుకే అమ్మాయ్, ఇంకేదన్నా రాసుకోకూడదా? తిరిగి తిరిగి మన మెడకే చుట్టుకుంటుంది చూడు."

గీతాంజలి బస్సు దిగొచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. సంచి అరుగు మీద పెట్టి నవ్వింది.

"ముందు మంచినీళ్లివ్వమ్మా."

ఆ పిల్ల ఏలూరులో సస్టైనబుల్ ఫైనాన్స్‌లో పీజీ చదువుతోంది. ఆ పేరు తల్లి నాగరత్నానికి నోరు తిరగదు. కలిదిండిలో ఎవరైనా అడిగితే, "బ్యాంకులోళ్లు అప్పిచ్చే ముందు నీళ్లూ నేలా పాడవుతాయేమో చూసుకుంటారంటండి, ఆ చదువండి" అంటుంది. అన్నాక, తప్పు చెప్పానేమోనని రెండు రోజులు దిగులుపడుతుంది.

చివరి సెమిస్టరు ప్రాజెక్టుకి గీతాంజలి కొల్లేరు చుట్టూ అరవై చేపల చెరువులు తిరిగింది. ఏది సరస్సు హద్దుకి బయట ఉంది, ఏది లోపల ఉంది, ఎవరి పేరు మీద ఉంది. లోపల తవ్వడం నేరం, వాటికి అప్పు పుట్టదు. సర్కారువాళ్లొచ్చి గట్లకి గండి కొట్టినా అడిగే దిక్కుండదు. సోమవారం రిపోర్టు ఇచ్చెయ్యాలి.

యాభై తొమ్మిది పేర్లు రాసింది. ఒక్క గడి ఖాళీగా ఉంది.

"అమ్మా, హద్దు లోపల పన్నెండెకరాల చెరువొకటి దొరికింది. ఎవరిదయ్యా అని కాపలా మనిషిని అడిగితే, 'బుల్లిరాజుగారిదేనండి, మీకు తెలీదాండీ?' అని నవ్వాడు. నాన్నగారు అది ఎప్పుడో అమ్మేశానన్నారుగా?"

నాగరత్నం మంచినీళ్ల గ్లాసు అరుగు మీద పెట్టేసింది. "ఆ ఒక్కటీ వదిలెయ్యవే. నీకు పుణ్యముంటుంది."

"వదిలేస్తే దొంగ రిపోర్టవుతుంది. ఉపగ్రహం ఫోటోలో చెరువు కనిపిస్తూనే ఉంది. మా ప్రాజెక్టు చూసే జ్యోత్స్న మేడం ముందు అడిగేది ఆ ఖాళీ గురించే. రాస్తేనేమో నాన్నగారిని నేనే పట్టించినట్టు. ఎటు కదిలినా గోడేనమ్మా."

"ఒంట్లో బాగోలేదని చెప్పు ఆ మేడంకి. ప్రాజెక్టు మార్చెయ్యమను."

"ఇప్పుడా? ఈ చెరువుల్లో నాకు ఏ వాటా లేదని కాలేజీ కాగితం మీద సంతకం పెట్టి మొన్ననే ఇచ్చేశాను."

"పెట్టేశావా!" నాగరత్నం గుమ్మం పట్టుకుంది. "ఇంట్లో ఒక్క మాట అడక్కుండా ఎందుకు పెడతావే సంతకాలు?"

"నాకెక్కడిదమ్మా చెరువు? హాస్టల్లో బకెట్టే నా చెరువు."

నాగరత్నం నవ్వలేదు.

అప్పుడే బుల్లిరాజు బండి దిగాడు. కాళ్లకి బురద, చొక్కాకి చేపల మేత తవుడు.

"ఏవండీ, పిల్ల ఏం చేసిందో విన్నారా? సంతకం కూడా పెట్టేసిందంట. ఇప్పుడేం దారండీ?"

ఆయన కుళాయి దగ్గరికెళ్లి కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టాడు. బురద ఎప్పుడో పోయింది. నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు.

గీతాంజలి ల్యాప్‌టాప్ తెరిచి అరుగు మీద కూర్చుంది.

"నాన్నగారూ, రేపు తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఎలాగూ తెలుస్తుంది. ముందు మీ నోటితో వినాలనుంది. మీ పేరు రాయనా? ఇంకా తాతగారి పేరు మీదే ఉందా?"

ఆయన రెండో కాలు కుళాయి కింద పెట్టాడు.

"మీదే అయితే, మా నాన్నగారిదని మేడంకి నేనే చెబుతాను. దాచను. మార్కులు పోతే పోనీండి. మీ మీద కేసు పడితే ఆఫీసుల చుట్టూ మీతోపాటు నేనూ తిరుగుతాను."

నాగరత్నం భర్త మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బుల్లిరాజు కుళాయి కట్టేశాడు. తువ్వాలు అందుకున్నాడు. కాళ్లు తుడుచుకున్నాడు. పొడిగా ఉన్న కాళ్లే మళ్లీ తుడుచుకున్నాడు. కూతురి ఒళ్లో తెర మీద, ఆ ఖాళీ గడిలో చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీకు పద్దెనిమిది నిండిన వారమే ఆ చెరువు నీ పేరున రాయించేశాను తల్లీ."