క్షీరదాల పాఠం

“ఏమండీ, ఇక్కడ ఇంతమందిమి నిలబడ్డాం. కనిపించట్లేదా?”

నెలలు నిండని పిల్లల వార్డు గుమ్మం ముందు లెక్చరరు గొంతు పెంచాడు.

క్యూ దాటుకుని ముందుకొచ్చినావిడ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఒంటిమీద సిటీ బస్సు డ్రైవరు ఖాకీ చొక్కా.

“కనిపిస్తున్నారండీ. కానీ నా బస్సు ఆగదు కదా!” గలగలా నవ్వేసి, చెప్పులు విడిచింది.

సిస్టర్ వెంటనే తలుపు తీసి ఆవిడను లోపలికి పంపింది.

‘తెలిసినవాళ్లుంటే అంతే’ అని లెక్చరరు పళ్లు నూరుకున్నాడు.

అసలే అతనికి ప్రాణం కుదురుగా లేదు. నెలలు నిండకుండానే కూతురు పుట్టింది. అరచేతిలో ఇమిడేంత పిల్ల. ఆపరేషన్ తర్వాత భార్యను జ్వరం పట్టుకుంది. ఆ మందులు వాడినన్నాళ్లూ పాలివ్వకూడదన్నారు. డబ్బా పాలు పిల్లకు పడలేదు. ఆసుపత్రి పాల బ్యాంకు నుంచి తల్లిపాలు తెచ్చి, సిరంజితో చుక్క చుక్కగా పడుతున్నారు.

ఒంటి వేడి తగలాలని డాక్టరమ్మ చెప్పింది. అందుకని చొక్కా గుండీలు విప్పి, పిల్లను గుండెలకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. తుమ్మినా పిల్లకేమవుతుందోనని భయం.

మర్నాడు పొద్దున్న ఆ డ్రైవరమ్మ అతని ముందే ఆగింది.

“మాస్టారూ, భలే గూడు కట్టారే!”

నిన్నటి కోపం అతనికింకా చల్లారలేదు. “గూళ్లు కట్టేవి పక్షులండీ. మనం క్షీరదాలం.”

“అంటే?”

“పిల్లలకు పాలిచ్చి పెంచే జాతి.”

“అలాగా! మరి మీరిస్తారా?”

సిస్టర్ కిసుక్కుమంది. బిగబట్టుకుందామనుకున్నా లెక్చరరుకూ నవ్వు ఆగలేదు. కూతురు పుట్టాక అతను నవ్వడం అదే మొదలు.

అప్పట్నుంచి ఆవిడ వచ్చే వేళకు అతని చూపు గుమ్మం మీదే ఉండేది.

“మాస్టారూ, అసలీ పాలనేవి ఎలా పుట్టాయి?” అనడిగింది ఒకరోజు.

“ఎప్పుడో మన పూర్వీకులైన జంతువులు గుడ్లు పెట్టేవి. అవి ఎండిపోకుండా తల్లి ఒంటిమీంచి చెమటలాంటిది ఊరేదట. పోనుపోను అదే పాలయిందంటారు.”

“చెమటేనా? అయితే ఎండాకాలంలో మా బస్సు పాల డెయిరీయే!”

వార్డులో ఉన్న తల్లులంతా గొల్లుమన్నారు.

పాఠం చెప్పే ఊపు వచ్చేసింది లెక్చరరుకు. “డైనోసార్లు తిరిగే రోజుల్లో మనవాళ్లు ఎలుకంతే ఉండేవాళ్లు. వాటి కాళ్ల కింద పడకుండా బొరియల్లో దాక్కుని బతికారు. ఒంటినిండా బొచ్చు, లోపల వెచ్చటి నెత్తురు.”

“చివరికేమైంది?”

“అవి పోయాయి. మనం మిగిలాం.”

ఆవిడ వంగి, దుప్పట్లోంచి కనిపిస్తున్న చిన్న తలకేసి చూసింది.

“విన్నావా ఎలుకపిల్లా? అంతంత పెద్దవే పోయాయి. నువ్వుంటావు, చూస్కో!”

లెక్చరరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లడం ఆవిడ చూడకూడదనుకున్నాడు.

ఎలుకపిల్ల నిజంగానే ఉంది. ఉండడమే కాదు, బుగ్గలొచ్చాయి, కేకలొచ్చాయి. భార్యకు జ్వరం తగ్గింది, మందులు ఆపేశారు. ఒకనాడు పొద్దున్నే పిల్ల తల్లి రొమ్ము అందుకుని తనంతట తనే చప్పరించింది. ఆలుమగలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు.

“ఇక ఇంటికి తీసుకెళ్లండి” అంది డాక్టరమ్మ.

లెక్చరరు స్వీట్లు తెచ్చి వార్డంతా పంచాడు. ఒక పొట్లం మాత్రం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“డ్రైవరమ్మ ఇంకా రాలేదేం సిస్టర్?”

“ఇక రాదండీ. వేరే ఊరి డిపోకు మార్చారు. నిన్ననే వెళ్లిపోయింది.”

“అయ్యో! పేరైనా అడగలేదే” అని నొచ్చుకున్నాడు. “ఇంతకీ రోజూ ఎవరికోసం వచ్చేది? లోపల ఆవిడ చుట్టాలెవరైనా ఉన్నారా?”

సిస్టర్ అతన్ని వింతగా చూసి, పాపను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

“చుట్టాలేంటండీ... ఇంట్లో తన బుజ్జిగాడి కడుపు నింపి, బస్సెక్కే ముందు ఇక్కడ పాలు పిండిచ్చి వెళ్లేది. ఇన్నాళ్లూ మీ పాప తాగినవన్నీ ఆ తల్లి పాలే.”