ముడి నిలవని గౌను

దొరల కాలపు వేషాలతో ఊరేగింపు పెట్టిన కమిటీ పెద్దలారా, ఇది మీ నిర్వాకమే! పాత బంగళా పెట్టెలోని తెల్ల బట్టతోనే, మిషను తగలకుండా దొరసాని గౌను కుట్టించాలని పట్టుబట్టింది మీరే.

సిరోంచలో ఫహ్మిదా లాంతరు ముందు అదే కుడుతోంది. తెల్లవారితే దాన్ని తొడుక్కునేది ఆమె కూతురు బాను. దారం కొసన ముడి వేసి కుట్టింది. తిప్పి చూస్తే ముడి లేదు. మళ్లీ వేసింది, మళ్లీ లేదు.

"శవానికి కుట్టే కఫనుకే గద బిడ్డా ముడెయ్యంది?" అంది అత్త రషీదా.

"నేను ఏస్తనే ఉన్న అత్తమ్మా! ఏడికి పోతున్నయో సమజైతలేదు."

బయట ప్రాణహిత నది చప్పుడు కూడా ఆగిపోయింది. పక్క గదిలో బాను నిద్రలోనే కిసుక్కున నవ్వింది. "గీడ ఇంకో ముడుంది, ఇప్పెయ్" అంది ఎవరితోనో.

తెల్లారేదాకా ఆగకండి. ఇప్పుడే వచ్చి మీ గుడ్డ మీరు పట్టుకుపోండి. అది పిల్ల ఒంటికి తగలకూడదు.