నాగవేణి నాడి

ఆ సాయంత్రం అనంతపురంలో మా వీధి వీధంతా ఒకే గుండెతో కొట్టుకుంది. ఆడేవాళ్ల నాడిని చూసేవాళ్ల మణికట్టుకు అందించే పట్టీలు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. ఆ రోజు అందరి పట్టీల్లోనూ మా వీధి పిల్ల నాగవేణి నాడే.

మన అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు మూడు ప్రపంచ కప్పులు ఆడినా ఒక్కసారీ మొదటి రౌండు దాటలేదు. టీవీవాళ్లు పొద్దుటినుంచీ అదే పాట. ఈ మ్యాచ్ గెలిస్తే ఈసారి దాటుతుంది. స్కోరు సమానంగా ఉండగా ఆఖరి నిమిషంలో మనకు పెనాల్టీ దొరికింది. కొట్టేది నాగవేణి.

పట్టీలు దడదడలాడాయి.

"పాప బయపడ్తాంది గదక్కా!" అంది పక్కింటి మస్తాన్‌బీ, నాగవేణి తల్లి తిప్పమ్మతో. తిప్పమ్మ ఓళిగలు కాలుస్తోంది.

అంతలో పట్టీలన్నీ ఒక్కసారిగా నెమ్మదించాయి. చెడిపోయాయనుకుని అందరూ చేతులు విదిలించారు.

తిప్పమ్మ జిల్లా పోటీల నాటి నుంచీ కూతురి నాడిని చేతికి కట్టుకునే వంట చేస్తోంది. పెనం మీద ఓళిగ మాడుతున్నా పట్టించుకోకుండా వీధిలోకి ఉరికింది.

"ఏం చెడిపోల్యా! నా బిడ్డ ఏ మూలకు కొట్టాల్నో చూసుకునింది! గోల్!"

ఆమె అరిచాకే నాగవేణి బంతిని తన్నింది.